గదేనా, గసొంటిదేనా? ప్రోగ్రామింగ్ భాషల్లో 'సమానం' ఎవరు తేలుస్తారు

పోచంపల్లిలో చీరలు కొనేచోట తరచూ నడిచే సంభాషణ ఒకటుంది. "మొన్న పెండ్లిల మా వదిన కట్టుకున్నదే, గదే చీర కావాలె" అంటుంది వచ్చినామె. "గదే ఎట్లొస్తదమ్మా, అది మీ వదిన తాన ఉండె. గసొంటిది చూపిస్త" అంటాడు అమ్మేటాయన. ఒకే పడుగు మీద వరుసగా నేసిన రెండు చీరలకు రంగు, చిటికి, అంచు అన్నీ కలుస్తాయి. అయినా ఒకదాని మీద చాయ ఒలికితే రెండోదానికి మరక పడదు.

ప్రోగ్రామింగ్ భాషలు తయారుచేసినవాళ్లందరికీ ఈ "గదే", "గసొంటిదే" దగ్గరే మొదటి తగువు. మెమరీలో ఒకేచోట ఉన్న ఒకే వస్తువును రెండు పేర్లతో పిలుస్తున్నామా, లేక రెండు చోట్ల ఉన్న రెండు వస్తువుల్లో ఒకే విలువ ఉందా? మొదటిది ఐడెంటిటీ, రెండోది ఈక్వాలిటీ. తెలుగులో "రెండూ ఒకటే" అంటే ఏ అర్థంలో అన్నారో సందర్భాన్ని బట్టి వినేవాళ్లే పట్టుకుంటారు. ప్రోగ్రాముల్లో పోలికకు వాడే == గుర్తు కూడా ఆ "ఒకటే" లాంటిదే. కాకపోతే ఇక్కడ వినేది యంత్రం. సందర్భం పట్టుకునే పని ఎవరో ఒకరు ముందే చేసి పెట్టాలి. సమానత్వం వస్తువుల లోపల దాగి ఉండి మనం వెతికితే దొరికేది కాదు. దాన్ని ఒకరు నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం ఎవరి చేతిలో పెట్టారన్న దగ్గరే భాషలు విడిపోతాయి.

అసలు సమాన చిహ్నం కూడా ఒకరు నిర్ణయించిందే. 1557లో వేల్స్ గణితజ్ఞుడు రాబర్ట్ రికార్డ్, రెండు సమాంతర రేఖలకంటే సమానమైనవి ఇంకేముంటాయని = గుర్తును ఎంచుకున్నాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఫోర్‌ట్రాన్ ఆ గుర్తును విలువ పెట్టడానికి వాడుకుంది. ఆల్గాల్ 60 అది నచ్చక, విలువ పెట్టడానికి := అని రాసి = ను పోలికకే ఉంచింది. బీ భాష, దాని వెంట వచ్చిన సీ మళ్లీ = ను విలువ పెట్టడానికే ఇచ్చి, పోలికకు == తెచ్చాయి. ఇప్పటికీ ఒక గీత తక్కువపడి, పోల్చాల్సిన చోట విలువే మారిపోయే తప్పు కొత్తగా నేర్చుకునేవాళ్లకు తప్పడం లేదు.

పాలమూరు, మహబూబ్‌నగర్ రెండూ ఒకే ఊరి పేర్లు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరుతో కొత్త పేరు వచ్చింది, పాతది జనం నోట్లోంచి పోలేదు. పాలమూరులో కురిసిన వాన మహబూబ్‌నగర్‌లో కురిసినట్టే. రెండు వేరియబుల్స్ (ప్రోగ్రామ్‌లో పెట్టుకున్న పేర్లు) ఒకే ఆబ్జెక్టును (మెమరీలోని వస్తువును) చూపించడమంటే ఇదే. ఒక పేరుతో మార్చింది రెండో పేరుతో చూసినా మారి ఉంటుంది. దీనికి తలకిందుల ఉదాహరణ కొత్తపల్లి. ఆ పేరుతో ఎన్నో ఊళ్లున్నాయి. పేరు చూసి ఊరు ఒకటే అనుకుంటే బస్సు దిగాక తెలుస్తుంది.

జావాలో == ఆబ్జెక్టుల మధ్య "గదేనా" అని మాత్రమే అడుగుతుంది. "గసొంటిదేనా" అని అడగడానికి ఈక్వల్స్ అనే మెథడ్ (ఆబ్జెక్టు చేత చేయించే పని) ఉంది. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఇంజినీరింగ్ కాలేజీ వైవాలో ఈ తేడా గురించి అడగకుండా వదలరు. పుస్తకంలో చదివి చెప్పడం తేలిక, ఎదురైనప్పుడు పట్టుకోవడమే కష్టం. ఒక ఊరి సర్వే నంబర్లను ఇంటీజర్ ఆబ్జెక్టులుగా పెట్టుకుని, రెండు జాబితాల్లో ఒకే నంబరు ఉందేమో == తో చూసే ప్రోగ్రామ్ రాశారనుకుందాం. 1 నుంచి 127 దాకా అన్నీ సరిగ్గా కలుస్తాయి. 128 దగ్గరికి రాగానే 128కి 128 సమానం కాదంటుంది. కారణం మంత్రమేమీ కాదు. మైనస్ 128 నుంచి 127 వరకు ఉన్న చిన్న సంఖ్యలకు జావా ముందే ఆబ్జెక్టులు చేసి పెట్టుకుని, ఎవరడిగినా వాటినే ఇస్తుంది. అవతల అడిగితే మామూలుగా కొత్త ఆబ్జెక్టు పుడుతుంది. పరీక్షించేటప్పుడు అందరూ చిన్న నంబర్లే వేస్తారు కనుక తప్పు బయటపడదు. ఊరి రికార్డు ఎక్కించిన రోజే పడుతుంది.

పైథాన్ కూడా మైనస్ 5 నుంచి 256 దాకా సంఖ్యలను అలాగే దాచుకుంటుంది. అయితే అక్కడ == విలువను పోలుస్తుంది, "గదేనా" అని అడగడానికి 'ఈజ్' అనే వేరే మాట ఉంది. అందుకే ఆ ఉచ్చులో పడేవాళ్లు తక్కువ. 'ఈజ్'తో నేరుగా సంఖ్యను పోలిస్తే 3.8 వెర్షన్ నుంచి హెచ్చరిక కూడా వస్తుంది. కాట్లిన్ భాష జావా వేదిక మీదే నడుస్తూ ఈ చిక్కును ఇంకా శుభ్రంగా విప్పింది: == అంటే విలువ, === అంటే ఐడెంటిటీ. ఎక్కువసార్లు అడిగే ప్రశ్నకు చిన్న గుర్తు, అరుదుగా అడిగేదానికి పొడుగు గుర్తు. జావా దీన్ని తిరగేసి పెట్టింది. చేసిన తప్పుల్లో ఇది చిన్నదేమీ కాదు.

తీర్పు ఎవరిది?

పెర్ల్ భాషలో తీర్పు గుర్తుదే. == అంటే రెండువైపులా ఉన్నవాటిని సంఖ్యలుగా చూడు, 'ఈక్యూ' అంటే అక్షరాలుగా చూడు. "2.2", "2.20" అనే రెండు స్ట్రింగులు (అక్షరాల వరుసలు) మొదటి గుర్తుకు సమానం, రెండోదానికి కాదు. రాసినవాడి ఉద్దేశం గుర్తులోనే కనిపిస్తుంది. జావాస్క్రిప్ట్ == మాత్రం రెండువైపులా రకాలు వేరైతే తనే సర్దుబాటు చేసుకుని పోలుస్తుంది. "0" అనే స్ట్రింగు ఫాల్స్‌కి ('కాదు' అనే విలువకు) సమానమనే తీర్పు అలా వచ్చిందే. అందుకే అక్కడ నూటికి తొంభైతొమ్మిది చోట్ల === రాయమంటారు. పీహెచ్‌పీ కూడా చాలాకాలం 0ని "ఏబీసీ" అనే స్ట్రింగుతో పోలిస్తే సమానమనేది. 2020లో వచ్చిన 8వ వెర్షన్‌లో గానీ ఆ తీర్పు మార్చుకోలేదు.

జావాలో తీర్పు ఎడమవైపు ఆబ్జెక్టుది. కుడివైపు దాన్ని ఎడమవైపు దాని ముందు నిలబెట్టి "ఇది నీకు సమానమా" అని అడుగుతారు. ఒక పక్షాన్నే అడిగితే ఏమవుతుందో జావా సొంత లైబ్రరీలోనే (భాషతో పాటు సిద్ధంగా వచ్చే కోడ్‌లోనే) ఉంది. డేట్ ఆబ్జెక్టును అడిగితే అదే క్షణాన్ని చూపే టైమ్‌స్టాంప్ తనకు సమానమేనంటుంది. టైమ్‌స్టాంప్‌ను అడిగితే డేట్ తనకు సమానం కాదంటుంది. పైథాన్ ఇక్కడ మన ఊరి పంచాయితీకి దగ్గర. ముందు ఎడమవైపు దాన్ని అడుగుతుంది. అది "నాకు తెల్వదు" అనవచ్చు, అందుకోసమే నాట్ ఇంప్లిమెంటెడ్ అనే ప్రత్యేక జవాబు ఉంది. అప్పుడు కుడివైపు దాన్ని అడుగుతుంది. ఇద్దరికీ తెలియకపోతే చివరికి ఐడెంటిటీ చూసి తేలుస్తుంది. కుడివైపుది ఎడమవైపు దాని సబ్‌క్లాస్ (దాని రకం నుంచి పుట్టిన రకం) అయి, పోలికను తనదైన పద్ధతిలో రాసుకుని ఉంటే ముందు దాన్నే అడుగుతారు. పిల్ల క్లాసుకు తల్లి క్లాసు సంగతి తెలుసు, తల్లికి పిల్ల సంగతి తెలియదు కదా.

సీ షార్ప్‌లో == తీర్పు ప్రోగ్రామ్ నడవకముందే, కంపైల్ అయ్యేటప్పుడే (రాసిన కోడ్‌ను యంత్రానికి తగ్గట్టు మార్చేటప్పుడే) ఖాయమవుతుంది. వేరియబుల్‌ను ఏ రకంగా ప్రకటించారన్నదే లెక్క. ఒకే అక్షరాలున్న రెండు స్ట్రింగులను స్ట్రింగ్ రకంగా పోలిస్తే సమానం. అవే స్ట్రింగులను ఆబ్జెక్ట్ రకం వేరియబుల్స్‌లో పెట్టి పోలిస్తే, మెమరీలో వేర్వేరు చోట్ల ఉంటే, సమానం కాదు. లోపలి మనిషి మారలేదు, వేసుకున్న చొక్కా మారింది. గో భాష తీర్పును ఎవరికీ ఇవ్వకుండా తన దగ్గరే పెట్టుకుంది: స్ట్రక్ట్‌లను (కొన్ని విలువల కట్టలను) ఫీల్డు ఫీల్డుగా పోలుస్తుంది, స్లైస్‌లను (పొడవు మారగల జాబితాలను) ఒకదానితో ఒకటి పోల్చబోతే కంపైలరే ఒప్పుకోదు.

హ్యాస్కెల్ దారి వేరు. ఒక టైపుకు (విలువల రకానికి) సమానత్వం అనేది ఉందా, ఉంటే అదేమిటన్నది ఆ టైపు పక్కన విడిగా ప్రకటించాలి. ప్రకటన లేకపోతే పోలికే లేదు. రెండు ఫంక్షన్లు ఒకటేనా అని అడిగితే ప్రోగ్రామ్ నడవకముందే కంపైలర్ ఆపేస్తుంది. ఏ రెండు ఫంక్షన్లయినా అన్ని ఇన్‌పుట్‌లకూ ఒకే జవాబిస్తాయా అని తేల్చే సాధారణ పద్ధతి లేదని గణితం ఎప్పుడో నిరూపించింది. టైపు పక్కన విడిగా ప్రకటించే ఈ ఏర్పాటును 1989లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ ప్రతిపాదించారు. కూడికకు, సమానత్వానికి వాళ్లు చూపింది ఒకే పరిష్కారం. == కూడా ఒక ఆపరేటరే, రకాన్ని బట్టి అర్థం మారే ఆపరేటరే. ఈక్వాలిటీని ఒక పాఠంగా, ఆపరేటర్ ఓవర్‌లోడింగ్‌ను (ఒకే గుర్తుకు రకాన్ని బట్టి వేర్వేరు పనులివ్వడాన్ని) ఇంకో పాఠంగా చెప్పే పుస్తకాలు ఈ బంధాన్ని తెంపేస్తాయి.

గుంటల లెక్క

ఆపరేటర్ ఓవర్‌లోడింగ్ అవసరమేమిటో చెప్పడానికి పుస్తకాల్లో ఎప్పుడూ కాంప్లెక్స్ సంఖ్యలే వస్తాయి. దక్షిణ తెలంగాణలో ఇంతకంటే మంచి ఉదాహరణ ప్రతి పట్టాదార్ పాస్‌బుక్‌లో ఉంది. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. రెండెకరాల ఇరవై గుంటలను 2.20 అని రాస్తారు. ఆ చుక్క దశాంశ బిందువు కాదు, ఎకరాలకు గుంటలకు మధ్య గట్టు. రైతుకు తెలుసు, పట్వారీల కాలం నుంచి లెక్క రాసినవాళ్లకూ తెలుసు. ఎక్సెల్‌కు తెలియదు.

ఎకరాల గుంటలను మామూలు సంఖ్యలుగా ఎక్కిస్తే మూడు రకాల దెబ్బ పడుతుంది. మొదటిది కూడిక: 2.20కి 1.30 కలిపితే యంత్రం 3.50 అంటుంది. నిజానికి 20, 30 కలిసి 50 గుంటలు, అందులో 40 ఎకరమైపోతే మిగిలేది 10. అంటే నాలుగెకరాల పది గుంటలు. రెండోది సమానత్వం: రెండెకరాల రెండు గుంటలను 2.2 అని రాస్తే యంత్రానికి అది 2.20తో సమానం. పద్దెనిమిది గుంటలు చప్పుడు లేకుండా పోతాయి. మూడోది ఇంకా లోతుది. సరేనని గుంటలను ఎకరంలో భాగాలుగా మార్చి ఎక్కించారనుకుందాం: 4 గుంటలు 0.1 ఎకరం, 8 గుంటలు 0.2, 12 గుంటలు 0.3. ఇప్పుడు నాలుగు, ఎనిమిది కలిపితే పన్నెండుకు సమానమా అని అడిగితే కాదంటుంది! 1985లో ఖాయమైన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం యంత్రం ఈ సంఖ్యలను ద్విసంఖ్యామానంలో దాచుకుంటుంది. 0.1 అందులో ఖచ్చితంగా ఇమడదు. జవాబు 0.30000000000000004 వస్తుంది.

జావాలో ఖచ్చితమైన దశాంశాలకు బిగ్‌డెసిమల్ అనే క్లాస్ ఉంది. దాని ఈక్వల్స్‌ను అడిగితే 2.2, 2.20 సమానం కావంటుంది. అబ్బ, దీనికి గుంటలు తెలుసు అనుకోవద్దు. చుక్క తర్వాత అంకెలు ఎన్ని ఉన్నాయో కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది, అంతే. అదే క్లాసులోని కంపేర్‌టూ మెథడ్‌ను అడిగితే రెండూ సమానమే. కాబట్టి ఈ రెండింటినీ ఈక్వల్స్ మాట వినే హ్యాష్‌సెట్ అనే సమూహంలో వేస్తే రెండు సభ్యులు, కంపేర్‌టూ మాట వినే ట్రీసెట్‌లో వేస్తే ఒక్కరే. ఒకే క్లాసు, ఒకే విలువలు, రెండు తీర్పులు.

సరైన దారి విస్తీర్ణం అనే కొత్త టైపును తయారుచేయడం. లోపల అన్నీ గుంటల్లోకి మార్చి పూర్ణసంఖ్యగా దాచుకోవాలి, 2.20 అంటే 100, 1.30 అంటే 70. కూడిక వాటి మీద చేసి, చూపించేటప్పుడు మళ్లీ ఎకరాలు, గుంటలుగా విడదీయాలి. అర గుంటలు రాసే చోట లోపలి కొలమానం ఇంకా చిన్నది కావాలి. పైథాన్‌లో దీనికి క్లాసు లోపల 'యాడ్' అనే మెథడ్‌ను ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లతో రాస్తే చాలు, ఆ తర్వాత + గుర్తు దాన్నే పిలుస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో, రస్ట్‌లో, స్విఫ్ట్‌లో రాసే తీరు మారుతుంది గానీ పని ఒకటే.

ఇక్కడే అసలు ఆలోచన మొదలవుతుంది. విస్తీర్ణానికి ఏ గుర్తులు ఇవ్వాలి? విస్తీర్ణానికి విస్తీర్ణం కలపవచ్చు, తీసివేయవచ్చు. విస్తీర్ణాన్ని సంఖ్యతో గుణించవచ్చు. విస్తీర్ణాన్ని ఎకరం ధరతో గుణిస్తే రూపాయలు. విస్తీర్ణాన్ని విస్తీర్ణంతో భాగిస్తే ఉట్టి నిష్పత్తి. విస్తీర్ణాన్ని విస్తీర్ణంతో గుణిస్తే వచ్చేదానికి ఏ ఊళ్లోనూ అర్థం లేదు, ఆ గుర్తు ఇవ్వకూడదు. భాగహారం దగ్గర ఇంకో చిక్కు. నాలుగెకరాల పది గుంటలను ఇద్దరు అన్నదమ్ములు పంచుకుంటే తలా రెండెకరాల ఐదు గుంటలు. ముగ్గురైతే 170లో తలా 56 పోగా రెండు గుంటలు మిగులుతాయి. అవి ఎవరికన్నది / గుర్తు తేల్చలేదు, పెద్దమనుషులు కూర్చోవాల్సిందే. మంచి డిజైన్ అయితే భాగహారం ఒక్క సంఖ్య కాకుండా వాటా, మిగులు రెండూ తిరిగివ్వాలి. మిగులును మింగేసే / గుర్తు అబద్ధమాడే గుర్తు.

ఇవ్వకూడని గుర్తును ఇవ్వకపోవడం, ఇవ్వాల్సింది ఇవ్వడమంత ముఖ్యం. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, నిల్వ 312.05 టీఎంసీలు. రెండూ యంత్రానికి సంఖ్యలే కనుక కలపమంటే 902.05 అని మర్యాదగా చెబుతుంది. అడుగులకు ఒక టైపు, టీఎంసీలకు ఒక టైపు ఉండి, వాటి మధ్య + ఎవరూ రాయకపోతే ఆ తప్పు కంపైలర్ దగ్గరే ఆగిపోతుంది. ఎఫ్ షార్ప్ భాషలో కొలమానాలకు ఈ సదుపాయం భాషలోనే ఉంది.

ఓవర్‌లోడింగ్ మనకు కొత్తేమీ కాదు. బడిలో లెక్కల సారు బోర్డు మీద 2 + 2 = 4 రాసి వెళ్లాక, తెలుగు టీచరు వచ్చి అదే బోర్డు మీద రాజ + ఇంద్ర = రాజేంద్ర అని రాస్తుంది. పిల్లలెవరూ తికమకపడరు. ఆ రెండో కూడిక మొదటిదానిలా నడవదని, తిరగేసి ఇంద్ర + రాజ అంటే వేరే మాట వస్తుందని వాళ్లకు తెలుసు. స్ట్రింగుల + కూడా అంతే: "నల్ల"కు "గొండ" కలిపితే ఊరు, "గొండ"కు "నల్ల" కలిపితే ఏమీ కాదు. ఇక "కలుపు" అన్న మాట సంగతి చెప్పనక్కర్లేదు. లెక్కలో ఒకటి, అన్నంలో ఒకటి, పత్తి చేనులో దానికి పూర్తి విరుద్ధంగా పీకి పారేయాల్సింది.

జావా రూపకర్త జేమ్స్ గాస్లింగ్ ఆపరేటర్ ఓవర్‌లోడింగ్‌ను కావాలనే వదిలేశాడు. సీ ప్లస్ ప్లస్‌లో దాన్ని జనం దుర్వినియోగం చేయడం చాలా చూశానని, అందుకే అది తన సొంత నిర్ణయమని చెప్పుకున్నాడు. ఆయన భయం ఉట్టిదేం కాదు. సీ ప్లస్ ప్లస్ ప్రామాణిక లైబ్రరీయే బిట్లను జరిపే << గుర్తును తెర మీద అచ్చువేయడానికి వాడుకుంది. && గుర్తును ('రెండూ నిజమేనా' అని అడిగేదాన్ని) ఓవర్‌లోడ్ చేస్తే, ఎడమవైపు తప్పయితే కుడివైపు చూడక్కర్లేదన్న దాని సహజగుణమే పోతుంది. కానీ జావా తాను మాత్రం స్ట్రింగులకు + ఉంచుకుంది. తనకు పనికొచ్చింది ఇతరులకు పనికిరాదనడం సబబుగా లేదు. ఫలితంగా జావాలో పెద్ద సంఖ్యల లెక్క రాస్తే కూడికలు, గుణకారాలు అన్నీ మెథడ్ పేర్లై, బ్రాకెట్లలో బ్రాకెట్లై, సూత్రం ఎక్కడుందో వెతుక్కోవాలి.

పైథాన్ గుర్తులను ధారాళంగా ఇచ్చింది, దాని మూల్యమూ చెల్లించింది. లెక్కలకు వాడే నంపై లైబ్రరీలో రెండు అర్రేలను (విలువల వరుసలను) == తో పోలిస్తే అవునో కాదో రాదు; ఒక్కో జతకు ఒక్కో అవును, కాదులతో ఇంకో అర్రే వస్తుంది. దాన్ని నేరుగా 'ఇఫ్'లో పెడితే ఎర్రర్. డేటాబేస్‌లతో మాట్లాడే ఎస్‌క్యూఎల్ఆల్కెమీ లైబ్రరీలో == పోల్చనే పోల్చదు, డేటాబేస్‌కు పంపాల్సిన షరతును తయారుచేస్తుంది. రెండూ ఉపయోగకరమైనవే. అయితే అక్కడ == గుర్తు సమానత్వమనే పదవికి రాజీనామా చేసిందని చదివేవాడికి ముందే తెలియాలి. మాత్రికల గుణకారం విషయంలో మాత్రం పైథాన్‌వాళ్లు తెలివిగా ప్రవర్తించారు. * గుర్తు మీద రెండో అర్థం మోపకుండా 2015లో 3.5 వెర్షన్‌లో @ అనే కొత్త ఆపరేటర్ తెచ్చారు. పాత గుర్తుకు కొత్త బరువు ఎత్తడం కన్నా కొత్త గుర్తు తేవడం కొన్నిసార్లు చవక.

గట్టు జరపడం

సమానత్వాన్ని ఎవరు నిర్ణయించినా మూడు షరతులకు కట్టుబడాలి. తనకు తాను సమానం కావాలి. ఇది దానికి సమానమైతే అది దీనికి సమానం కావాలి. ఒకటి రెండుకు, రెండు మూడుకు సమానమైతే ఒకటి మూడుకు సమానం కావాలి. మొదటి షరతునే ఐఈఈఈ ప్రమాణం దాటేసింది: సంఖ్య కానిదానికి గుర్తుగా ఉండే 'నాన్' తనకు తానే సమానం కాదు. రస్ట్ భాష దీన్ని మనసులో పెట్టుకుని సమానత్వాన్ని సగం సమానత్వం, నిండు సమానత్వం అని రెండుగా విడదీసింది. దశాంశ సంఖ్యలకు మొదటిదే దక్కింది.

మూడో షరతు తెలియకుండానే తప్పుతుంది. దశాంశాల బెడద పడలేక "కొద్ది తేడా ఉంటే సమానమే అనుకో" అని == రాసేవాళ్లున్నారు. ఏటా జానెడు గట్టు జరిపే పొరుగు రైతు లెక్క కూడా ఇదే. నిరుటి గట్టుకు ఈయేటి గట్టుకు తేడా కనిపించదు, వచ్చే ఏటికీ కనిపించదు. పదేళ్లకు సాలు సాలంతా అటు పోయి ఉంటుంది. దగ్గరగా ఉండటం, సమానం కావడం వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి వేరే పేరుతో ఫంక్షన్ ఉండాలి గానీ == ఇవ్వకూడదు.

ఒక క్లాసు గుణాలను ఇంకో క్లాసు వారసత్వంగా పొందే ఇన్‌హెరిటెన్స్‌లోనూ ఇదే గోల. సర్వే నంబరు, విస్తీర్ణం ఉన్న 'భూమి' క్లాసు, దానికి పంట చేర్చిన సబ్‌క్లాసు ఉన్నాయనుకుందాం. పంట రాయని భూమి, పత్తి రాసిన భూమి పోలిస్తే ఉన్నంతవరకు కలుస్తున్నాయి, సమానం. పంట రాయనిది, వరి రాసినది కూడా సమానమే. పత్తికి వరికి మాత్రం కాదు. మూడో షరతు కూలింది. రెండు క్లాసులు ఒకటే కాకపోతే సమానం కావని ముందే తెగేసి చెప్పడమో, పంటను వారసత్వంగా కాకుండా భూమి పక్కన విడి వస్తువుగా పెట్టడమో తప్ప దీనికి మందు లేదు.

ఇక తెలుగు అక్షరాలు. నల్గొండ, నల్లగొండ రెండూ రాస్తారు. యంత్రానికి రెండు వేర్వేరు స్ట్రింగులు. ఇది కంటికి కనిపించే తేడా కనుక ఫర్వాలేదు. కనిపించని తేడాలున్నాయి. "హైదరాబాద్"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో (అక్షరాలకు కోడ్‌లిచ్చే ప్రమాణంలో) ఒకే కోడ్‌గా రాయవచ్చు, ఎత్వానికి కింద ఐ గుర్తు చేర్చి రెండు కోడ్‌లుగానూ రాయవచ్చు. రెండో రూపం అరుదు, కానీ చెల్లుతుంది. తెర మీద రెండూ ఒకటే. జావా, పైథాన్ కోడ్‌లను మాత్రమే చూస్తాయి కనుక సమానం కావంటాయి. స్విఫ్ట్ రెండు రూపాలూ ఒకే అక్షరమని గుర్తించి సమానమంటుంది. తమాషా ఏమిటంటే పైథాన్ వేరియబుల్ పేర్లను తెలుగులో రాసుకోనిస్తుంది, వాటిని మాత్రం ముందు ఒకే రూపంలోకి మార్చుకుంటుంది. అంటే వేరియబుల్ పేరుగా రెండు "హై"లూ ఒకటే, కోట్స్ మధ్య పెడితే రెండు.

ఇంతకంటే రోజూ తగిలేది మహబూబ్‌నగర్‌లోనే ఉంది. బ కింద న వత్తు పడకుండా ఆపడానికి మధ్యలో వెడల్పు లేని ఒక కోడ్ పెడతారు. చాలా కీబోర్డులతో అది మాట చివర కూడా పడుతుంది. అక్కడ ఉన్నా లేకపోయినా కంటికి తేడా తెలియదు. యూనికోడ్ రూపాలను ఏకం చేసే ప్రామాణిక పద్ధతి దీన్ని తీసేయదు. కాబట్టి రెండు జాబితాల్లో ఒకే ఊరు కలవకపోతే అక్షరాలు చూడటం కాదు, పొడవు కొలవాలి.

హ్యాష్ టేబుల్ దగ్గర ఈ నిర్ణయాలన్నీ ఒకేసారి పరీక్షకు వస్తాయి. అది అరలున్న రికార్డు గది లాంటిది. వస్తువు విలువ నుంచి ఒక సంఖ్య లెక్కగట్టి, ఆ నంబరు అరలో పెడతారు. వెతికేటప్పుడు మళ్లీ అదే లెక్క కట్టి ఆ అరలోనే చూస్తారు. అందుకే సమానమైనవాటికి హ్యాష్ కూడా సమానంగా ఉండాలి. ఒకటి రాసి రెండోది మరిచిపోతే జావా ఊరుకుంటుంది, వస్తువు దొరకదు. పైథాన్‌లో క్లాసుకు సమానత్వం రాసి హ్యాష్ రాయకపోతే, ఆ క్లాసు వస్తువులను 'కీ'లుగా (టేబుల్‌లో వెతకడానికి పట్టుకునే విలువలుగా) వాడటానికే ఒప్పుకోదు. కఠినంగా ఉన్నా అదే మేలు.

మారే విలువ ఉన్న వస్తువును కీగా పెట్టడం అసలు ప్రమాదం. పెట్టిన రోజు ఒక అర, విలువ మారాక లెక్కగడితే ఇంకో అర. వస్తువు గదిలోనే ఉంటుంది, ఎంత వెతికినా కనిపించదు. 1993లో కంప్యూటర్ శాస్త్రవేత్త హెన్రీ బేకర్ దీనికొక కఠినమైన నియమం చెప్పాడు. ఏ పని చేసినా తేడా తెలియని రెండు వస్తువులే సమానం. మారగలిగే వస్తువుల్లో ఒకదాన్ని మార్చి చూస్తే తేడా బయటపడుతుంది కనుక వాటికి ఐడెంటిటీయే సమానత్వం, మారనివాటికే విలువ పోలిక. పోచంపల్లి దుకాణంలో చాయ ఒలికించి చూసే పరీక్ష ఇదే.

నారాయణపేటలో ఒక రైతు రికార్డును తీసుకుందాం. 2016 అక్టోబర్ 11న రాష్ట్రంలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపోయాయి, నారాయణపేట అందులోనే ఉండిపోయింది. 2019 ఫిబ్రవరి 17న అదీ వేరు జిల్లా అయింది. రైతు కదల్లేదు, చేను కదల్లేదు, రికార్డులో జిల్లా మారింది. 2015 నాటి "మహబూబ్‌నగర్ జిల్లా", 2020 నాటి "మహబూబ్‌నగర్ జిల్లా" స్ట్రింగులుగా అక్షరం పొల్లు పోకుండా సమానం, అవి చెప్పే నేల సమానం కాదు. హ్యాష్ లెక్కలో జిల్లా పేరును కలిపిన ప్రోగ్రామ్‌కు ఈ రైతు కనిపించడు. జిల్లా తీసేసి సర్వే నంబరును పెట్టుకుందామంటే, రేపు అన్నదమ్ముల పంపకంలో 128 కాస్తా 128/అ, 128/ఆ అవుతుంది. ఎక్కించేవాళ్లలో ఒకరు దాన్నే 128/ఏ అని కొడతారు.